కూర్చునేవాడు రాని పరుపు

సికింద్రాబాదు నుంచి తిరిగొచ్చిన వారంలోనే మా తెనాలి గ్రంథాలయంలో నన్ను మాట్లాడమన్నారు. అక్కడి ఎన్నికల్లో మా పార్టీ ఎందుకు ఓడిందో చెబుతూ, "ఏముందండీ, ఒక కట్టెల అడితివాడు పొట్టేలు కోసి పెట్టాడు, జనం తిని వాడికే వేశారు" అన్నాను. అందరూ హాయిగా నవ్వారు. ఆ నవ్వు నాకూ బాగానే ఉంది. ఇంటికి నడిచి వస్తుంటే మాత్రం ఆ పొట్టేలు ఎవరు చూశారా అని ఆలోచన వచ్చింది. నేను చూడలేదు. నాకు చెప్పినవాడూ చూడలేదు.

నా మాట నమ్మి నవ్వినవాళ్లలో చాలామంది ఆ ఊరు ఎరగనివాళ్లు. వాళ్ల కోసమే ఈ ప్రయాణాన్ని మళ్లీ మొదటినుంచి రాస్తున్నాను. ఇందులో పొట్టేలు లేదు.

సరిహద్దు దాటాక

కృష్ణ వంతెన చప్పుడు వింటూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి కిటికీ బయట ఏమీ లేదు. పొలం లేదు, చెట్టు లేదు, తెల్లటి మంచు ఒక్కటే ఉంది. రైలు ఎక్కడికీ పోకుండా ఉన్నచోటే ఊగుతున్నట్టుంది. మంచు కొంచెం విడిపోయిన చోట బండరాళ్లు కనిపించాయి. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ ఆడుకున్నవాళ్లు ఎవరో మధ్యలో లేచి వెళ్లిపోయినట్టు, పడబోతూ ఆగి ఉన్నాయి. మా డెల్టాలో కంటికి నేల తప్ప ఏదీ అడ్డు రాదు. ఇక్కడ ప్రతి మలుపులోనూ ఎవరో కాచుకుని ఉన్నట్టే అనిపిస్తుంది.

ఇదివరకు ఈ దారిన వచ్చినప్పుడు హద్దు స్టేషనులో నిజాం సుంకంవాళ్లు పెట్టెలు విప్పించేవారు. ఈసారి ఆ గది తలుపు వేసి ఉంది. గడప మీద ఒక మేక పడుకుని ఉంది.

వరంగల్లు దగ్గర రేగుపళ్ల గంపతో ఒక ముసలమ్మ ఎక్కి నా కాళ్ల దగ్గర కూర్చుంది. పళ్లు కొన్నాను. నా ఖద్దరు చొక్కా చూసి, "ఓట్ల పనా?" అంది. అవునన్నాను.

"మా ఊర్లెకు సుత వచ్చిన్రు. మైకు పెట్టిన్రు. పొద్దుందాక మాట్లాడిన్రు."

"ఏం చెప్పారమ్మా?"

"ఏమో బిడ్డా. ఏం జెప్పిన్రో ఆ మైకుకే ఎరుక."

రైలుపెట్టెలో అందరూ నవ్వారు, నేను కూడా. తరవాత ఒక రేగుపండు నోట్లో వేసుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాను.

లాలాగూడ

నా చిన్ననాటి స్నేహితుడు పాపారావు ప్లీడరు. పోలీసు చర్య అయ్యాక ఇక్కడి కోర్టుల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లకు పని బాగా దొరుకుతోందని వచ్చి, లాలాగూడలో ఇల్లు తీసుకున్నాడు. మా పార్టీ తరఫున నిలబడిన వకీలుగారికి ఇతను కుడిభుజం. పదిమంది కావాల్సిన చోట ముగ్గురే ఉన్నామని నాకు కబురు పెట్టాడు. తెనాలిలో నా ఖద్దరు కొట్టును తమ్ముడికి అప్పగించి వచ్చాను. వయసు యాభైకి దగ్గరపడింది. స్వాతంత్ర్యం వచ్చాక మా పార్టీలో నాకు చెప్పుకోదగ్గ పనేమీ మిగల్లేదు. పిలిచిందే చాలనిపించింది.

లాలాగూడలో పొద్దున్నే రైల్వే వర్కుషాపు కూత వేస్తుంది. ఆ కూతతో వీధంతా ఒక్కసారి కదులుతుంది. సైకిళ్లు మంచులోంచి వచ్చి మంచులోకి పోతాయి. మనుషుల మాటలు వినిపిస్తాయిగాని మనుషులు కనిపించరు. ఆ మాటల్లో తెలుగు, ఉర్దూ, అరవం, ఇంగ్లీషు కలిసి ఉంటాయి. నేను అరుగు మీద దుప్పటి కప్పుకుని వింటూ కూర్చునేవాణ్ణి.

మూలమీద ఇరానీ హోటలు ఉంది. టీ మీగడతో చిక్కగా, అన్నం తిన్నంత బరువుగా ఉంటుంది. దాన్ని సాసరులో పోసుకుని తాగుతారు. మొదటిరోజు మన రూపాయి ఇచ్చి, తిరిగి ఇచ్చిన చిల్లర లెక్క చూడకుండా జేబులో వేసుకున్నాను. తీరా చూస్తే అదంతా నిజాం నాటి హాలీ నాణేలు, మన నాణెంకన్నా తక్కువ విలువవి. తిరిగి వెళ్లి అడిగితే హోటలాయన నవ్వుతూ, "రెండూ చెల్తయ్ సాబ్. రెండు దినాలుంటే మీకు సుత అలవాటైతది" అన్నాడు. అలవాటు కాలేదు.

మా దగ్గర సభంటే కుర్చీలు, ఒక బల్ల. ఇక్కడ పెద్దవాళ్లు వేదిక మీద తెల్లటి పరుపు పరిపించుకుని, బాలీసులకు ఆనుకుని కూర్చుంటారు. దర్బారుల కాలం నుంచి వచ్చిన పద్ధతి. వకీలుగారి పెద్ద సభకు కొత్త పరుపు కావాలి. "బోయిన్‌పల్లిలో దూదేకులవాళ్లు ఉన్నారు. ఖద్దరువాడివి, దూది సంగతి నీకే తెలుసు. వెళ్లి చేయించుకురా" అన్నాడు పాపారావు.

ఖద్దరు అమ్మేవాడికి నూలు తెలుసు. దూది తెలుసనేది నా భ్రమ.

బోయిన్‌పల్లి

ఆ చోటు కనిపించకముందే వినిపించింది. పెద్ద తంబురా తీగను ఎవరో ఆగి ఆగి మీటుతున్నట్టు ధుం, ధుం అని ఒక మోత. కూరగాయల బళ్లు పోయే బాట పక్కన పొడుగాటి తాటాకు కప్పు, దాని కింద వరసగా కొట్టాలు. లోపలికి అడుగు పెట్టగానే మంచు ఇంకా విడిపోలేదేమో అనుకున్నాను. అది దూది. గాలంతా దూది నూగు. పైకప్పు నుంచి వేలాడే మనిషెత్తు కమాను నారిని కొయ్యతో కొడుతుంటే, కింద గడ్డకట్టిన దూది ఉలిక్కిపడి లేచి, విడివడి, మెల్లగా మళ్లీ దిగుతోంది. పని చేసేవాళ్ల కనుబొమలు, కనురెప్పలు తెల్లబడి ఉన్నాయి. అందరూ ఒకే వయసు ముసలివాళ్లలా ఉన్నారు.

కమాను పట్టినవాడు మూతికి కట్టిన గుడ్డ విప్పాడు. అప్పుడు నలభై ఏళ్ల మనిషి బయటపడ్డాడు. పేరు సైదులు. భార్య హుసేనమ్మ పరుపులు కుడుతుంది. వాళ్లు తురకలు, ఇంట్లో మాట తెలుగు. మా వైపు దూదేకులవాళ్లూ అంతే గనక నాకు కొత్తగా లేదు. కొత్తగా ఉన్నది వాళ్ల పని పద్ధతి. మా వైపు బూరుగు దూది సంచిలో కూరి నాలుగు కుట్లు వేస్తే పరుపు. ఇక్కడ ఏకిన దూదిని గలీబులో పరిచి, అంచులు మూసి, మధ్య దూది కదలకుండా పట్టే టాకాలు కుట్టకముందు ఆగుతారు. ఆ పరుపు వాడుకునే మనిషి వచ్చి దాని మీద పడుకోవాలి. కళ్లు మూసుకుని, ఎక్కడ గడ్డ తగులుతోందో చెప్పాలి. చెప్పిన చోట చెయ్యి పెట్టి విడదీస్తారు. అప్పుడు టాకాలు.

"టాకా వడ్డంక గడ్డ ఉంటే ఇగ జన్మల పోదు" అన్నాడు సైదులు. "గందుకే కూచునేటోడు రావాలె."

"నేను పడుకుంటే చాలదా?"

హుసేనమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మీ వీపుకు ఏం దెలుస్తది ఖద్దరు సారు, ఆయన నడుము సంగతి?"

అయినా నన్ను వేరే ఎవరిదో పరుపు మీద పడుకోబెట్టి ఆ పద్ధతి చూపించారు. కళ్లు మూసుకున్నాను. కమాను మోత నేలలోంచి వీపులోకి వచ్చింది. దూది మొహం మీద వాలుతోంది. గడ్డ ఎక్కడుందో చెప్పాల్సింది పోయి నిద్రపోయాను. లేచేసరికి హుసేనమ్మ జొన్నరొట్టె, ఎర్రకారం, పచ్చిపులుసు పెట్టి నవ్వుతోంది. "ఏందీ సారు, గిట్ల పండుకుంటే ఓట్లెవరడుగుతరు?" మా వైపు పులుసంటే ఉడకాలి. ఇది ఉడకని పులుసు. రెండుసార్లు పోయించుకున్నాను.

తిని, ఏదో మంచిమాట చెప్పాలనుకుని చెప్పాను. "పోలీసు చర్యతో మీకూ స్వేచ్ఛ వచ్చింది. ఇప్పుడు మీ చేతుల్లో ఓటు ఉంది. సంతోషం కదా?" మా ఊళ్లో ఈ మాటకు చప్పట్లు కొడతారు.

ఇక్కడ కమాను ఆగింది.

"అవు సారు, వచ్చింది" అన్నాడు సైదులు. "గది వచ్చిన దినమే మేం ఊరిడిసినం."

మెదకు వైపు ఒక పల్లెలో వాళ్లకు ఇల్లుండేది. పోలీసు చర్య అయిన వెంటనే పక్క వీధివాళ్లే వచ్చి, మీరు నిజాం పక్షం వాళ్లన్నారు. ఇల్లు కాలింది. "మేం తుపాకులు వట్టినోళ్లం గాదు. ఈయనకు నమాజు సుత సక్కగ రాదు" అంది హుసేనమ్మ, మొగుణ్ణి చూపిస్తూ. "తెలుగుల మాట్లాడ్తం, తెలుగుల తిడ్తం. మేం ఎటోళ్లమో మాకే సమజు గాలె."

వాళ్లే మాట మార్చారు. ఇప్పుడున్న స్థలం ప్రభుత్వానిది. ఎన్నికలయ్యాక ఖాళీ చేయాలని అధికారులు చెప్పి పోయారు. కమానుకు ఎత్తయిన కప్పు కావాలి, గాలి చొరబడని గోడలు కావాలి. ఆ పొడుగాటి కప్పు పోతే ఎవరి కమాను వాళ్లు భుజాన వేసుకుని వీధివీధీ తిరగాలి.

"వకీలు సారును జెర తోల్కరారి" అన్నాడు సైదులు. "మాకేం వరాలొద్దు. ఎట్లనన్న ఆయన పరుపే గద. వచ్చి దాని మీద కూచుంటె గడ్డలూ తెలుస్తయ్, ఈ జాగ మాకెందుకు గావాల్నో అదీ తెలుస్తది. బయట్నుంచి చూస్తె గుడిసెలే కండ్లవడ్తయ్."

తీసుకొస్తానన్నాను.

మోటారు ఆగిన చోట

వకీలుగారు మంచి మనిషి. ఇది ముందే చెబుతున్నాను. పాత ప్రభుత్వంలో జైల్లో ఉండివచ్చారు. ఆ జైలు ఆయనకు ఉబ్బసం ఇచ్చింది. చలికాలంలో మాట్లాడుతూ మాట్లాడుతూ ఛాతీ మీద చెయ్యి వేసుకునేవారు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఆయన వస్తున్నారని సైదులుకు చెప్పి వచ్చిన రోజు ఈ సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నాకు తట్టలేదు.

పెద్దమనిషి పని చూడ్డానికి వస్తున్నాడని ఆ పూట కొట్టాలన్నీ కమాన్లు పట్టాయి. మోటారు బాట మీద ఆగేసరికి నూగు తెరలు తెరలుగా వచ్చి అద్దాల మీద వాలింది. వకీలుగారు తలుపు తీసి ఒక కాలు కింద పెట్టారు. దగ్గు వచ్చింది. కాలు లోపలికి తీసుకున్నారు. అద్దం కొంచెం దించి నమస్కారం పెట్టారు.

సైదులు చెప్పుకున్నాడు. వకీలుగారు శ్రద్ధగా విన్నారు. "అర్జీ రాసి ఇవ్వండి. చట్టంలో ఏది సాధ్యమో పరిశీలిస్తాను. చేయలేనిది చేస్తానని చెప్పడం నాకు చేతకాదు" అన్నారు. ఎంత నిజాయితీ అని పొంగిపోయాను. హుసేనమ్మ టీ కప్పుతో నిలబడి ఉంది. అద్దం పైకి పోయింది. ఆ టీ నేను తాగాను.

లోపల, కుట్టకుండా ఆపిన వెడల్పాటి పరుపు నేల మీద మెరుస్తోంది. దాని మీద ఉతికిన దుప్పటి ఒకటి పరిచి పెట్టారు. దాన్ని హుసేనమ్మ మడత పెట్టింది.

పడవ గుర్తు

ఆ సాయంత్రం ఇంకా అక్కడే ఉన్నాను. ఎండ వాలి కొట్టంలోకి ఏటవాలుగా పడింది. ఆ వెలుగులో దూది ఎర్రగా కదులుతోంది. ఆ ఎర్రటి గాలిలోంచి ఒక భారీ మనిషి నడిచొచ్చాడు. పహిల్వాను మల్లేశం. కట్టెల అడితి యజమాని. ఏ పార్టీ లేకుండా నిలబడ్డాడు. అతని గుర్తు పడవ. చెరువు తప్ప ఏరు లేని ఊళ్లో పడవ గుర్తేమిటని మేం వేళాకోళం చేసేవాళ్లం.

వచ్చినవాడు ఎవరినీ అడగలేదు. చెప్పులు విప్పి, వకీలుగారి పరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఏయ్ మల్లన్నా, అది నీది గాదు" అంది హుసేనమ్మ.

"ఎవనిదైతేంది అక్కా, నడుము నాది గద." కళ్లు మూసుకుని అటూ ఇటూ దొర్లాడు. "గిదో, ఈడ ఒక గడ్డ."

"నీ వీపు మీదనే ఉన్నది గడ్డ. ఎన్నడన్న తానం జేస్తివా?"

కొట్టమంతా నవ్వింది. మల్లేశం పడుకునే మాట్లాడాడు. "సైదులూ, ఎవ్వడొస్తడో రానీ. ఈడనే అడ్డం పండుకుంట. బండి నా మీదికెళ్లి పోవాలె." తరవాత ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. "పోలీసు చర్య అయింది, ఏమొచ్చింది మనకు? కోస్తా నుంచి గీసొంటి సార్లు వచ్చిన్రు. ఆఫీసులల్ల కుర్సీలన్నీ వాళ్లయే. మన పోరగాండ్లు నౌకరీలు పోయి పరేషాన్ల ఉన్నరు. ఒక్కొక్కని బిస్తర్ కట్టి రైలెక్కిస్త."

హుసేనమ్మ సూది ఆపకుండానే అంది: "ఊకో మల్లన్నా. ఈయన మనింట్ల రొట్టె తిన్నడు."

అతను పోయాక సైదులును అడిగాను. "ఇతన్ని నమ్ముతావా?"

"నమ్మ. కట్టెల నీళ్లు వోసి తూకమేస్తడు. మా పొయ్యిలకొచ్చేది సుత తడి కట్టెనే."

"మరి స్థలం కాపాడతానంటున్నాడుగా?"

"అబద్ధమే గావచ్చు సారు." సైదులు మూతికి గుడ్డ కట్టుకుంటూ ఆగాడు. "గని ఇంట్లకొచ్చి చెప్పిండు."

అప్పుడు ఈ మాట నాకు తెలివితక్కువగా అనిపించింది. నిజం వీధిలో ఉండగా ఇంట్లోకొచ్చిన అబద్ధాన్ని కూర్చోబెడతారేమిటి అనుకున్నాను. మా నిజం మోటారు దిగలేదన్న సంగతి నాకు ఆ పూట స్ఫురించలేదు.

సభ, ఓటు

సభ ఘనంగా జరిగింది. వకీలుగారు రాజ్యాంగం గురించి, హక్కుల గురించి అందంగా చెప్పారు. కొబ్బరినూనె, మల్లెపూలు, దుమ్ము కలిసిన వాసన. నాకు ఆయన గొంతు ఒక్కటే దూరం నుంచి అలల్లా వచ్చి పోతున్నట్టుంది. ఉపన్యాసం ముందూ తరవాతా ఆయన పరుపు మీద ఎంతసేపు కూర్చున్నా ఒక పక్కకు ఒరిగే కూర్చున్నారు. నా పక్కన నిలబడ్డ సైదులు మెడ సాచి చూసి, "గడ్డ దాకింది" అన్నాడు. అతని మొహంలో సంతోషం లేదు. పని చెడిపోయినవాడి బాధ ఉంది.

ఓట్ల రోజు కొట్టాల్లో కమాన్లు ఆపారు. నూగు అణిగి ఆ వీధి చివర మొదటిసారి కనిపించింది. అక్కడ ఒక చింతచెట్టు ఉందని అప్పుడే తెలిసింది. ఆడవాళ్లు పెళ్లికి పోతున్నట్టు తయారై బారులు తీరారు. గదిలో తెర వెనక ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద అతని గుర్తు. కాగితం ఎవరి పెట్టెలో వేస్తే ఓటు వారిది. తెర అవతల ఒక్కరే ఉంటారు. అంత మాట్లాడే జనం ఆ తెర దగ్గరికి వచ్చేసరికి మౌనంగా అయిపోయేవారు.

హుసేనమ్మ బయటికి వచ్చి, "ఆయన పెట్టె సుత తట్టి చూసిన" అంది.

"ఎవరి పెట్టె?"

"వకీలు సారుది. లోపట్నుంచి పలుకుతడేమో అని." నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మరునాడే నాకు జ్వరం పట్టుకుంది. లెక్కింపు రోజుల్లో పాపారావు ఇంట్లో పడుకుని వర్కుషాపు కూతలు వింటున్నాను. కళ్లు మూస్తే గది నిండా దూది దిగుతూ ఉండేది. ఒక మధ్యాహ్నం పాపారావు వచ్చి మంచం చివర కూర్చున్నాడు. మల్లేశం గెలిచాడు.

"అమ్ముడుపోయార్రా. పొట్టేలు కోసి పెట్టాడట" అన్నాడు.

జైలుకు పోయిన మనిషిని, చట్టం చదివిన మనిషిని కాదని తడి కట్టెలమ్మేవాడికి ఎందుకు వేశారో నాకు అప్పటికే కొంచెం అర్థమవుతోంది. ఆ అర్థం కంటే పొట్టేలు సుఖంగా ఉంది. దాన్ని దుప్పటిలా కప్పుకుని పడుకున్నాను.

తిరుమలగిరి బాట

జ్వరం తగ్గాక, రైలెక్కే ముందు చెప్పి వద్దామని సంచీతో బోయిన్‌పల్లి పోయాను. కొట్టాల ముందు లారీ ఆగి ఉంది. గడ్డపారలతో మనుషులు, కాగితంతో ఒక అధికారి. ఆయన మర్యాదగానే మాట్లాడుతున్నాడు. అడ్డంగా పడుకుంటానన్న మల్లేశం మాత్రం లేడు. సైదులు కమాను దించి గోడకు ఆనించాడు.

హుసేనమ్మ సూది కొంగుకు గుచ్చుకుని బయల్దేరింది. వెనక ఆడవాళ్లంతా బయల్దేరారు. నేనూ పోయాను. తిరుమలగిరి బాటలో అడితి. కట్టెల దొంతుల మధ్య పెద్ద తరాజు, గోడకు వాడిన గెలుపు దండలు. మల్లేశం కొత్త తెల్లబట్టల్లో నిలబడి ఉన్నాడు. వీళ్లను చూసి దొంతి వెనక్కి జరగబోయాడు.

"యాడికి వోతవ్? నిలబడు" అంది హుసేనమ్మ. "అడ్డం పండుకుంటనంటివి గద. యాడ పండుకున్నవ్? బండి వచ్చి నిలబడ్డది. నీ పడవ యాడ మునిగింది?"

"అక్కా, జెర విను..."

"నువ్విను. ఇన్నొద్దులు మేమే విన్నం."

అడితికి వచ్చిన బేరాలన్నీ చుట్టూ మూగాయి. ఆమె అతని తూకం తిట్టింది, కట్టెల తడి తిట్టింది, తెల్లబట్టలు తిట్టింది. అంత శరీరం ఉన్న మనిషి తలొంచుకుని నిలబడ్డాడు.

"అయిందా?" అన్నాడు చివరికి.

"కాలె." ఇంకొంత తిట్టింది. "ఇప్పుడు చెప్పు."

"నాతోని గాలె అక్కా. పోయిన, అడిగిన, బతిలాడిన. ఆ జాగ ఇయ్యరట. సిగ్గై మొహం చూపలే."

"గది సుత వచ్చి చెప్పాలె గద. చెప్తే ముందుగాల్ల కప్పు మంచిగ విప్పుకునేటోళ్లం. ఇప్పుడు గడ్డపారలతోని విరగ్గొడ్తరు."

మల్లేశం చొక్కా విప్పి దొంతి మీద పడేశాడు. కట్టెల బళ్లు కట్టించాడు. బోయిన్‌పల్లికి వచ్చి అధికారితో మాట్లాడి, సాయంత్రం దాకా గడువు తీసుకున్నాడు. తనే పైకెక్కి వాసాలు దించాడు. అడితి వెనక ఖాళీ స్థలం ఇస్తానన్నాడు. అది సగం మందికే సరిపోయింది. మిగతావాళ్లు కమాన్లు భుజాన వేసుకుని వేరే బాట పట్టారు. వాళ్ల భుజాల మీద నారి, బండరాళ్ల మీది ఎండలో దూరందాకా మెరుస్తూ కనిపించింది.

సైదులుకు చోటు దొరికింది. అక్కడ కట్టెల కోసం వేసిన కప్పు పొట్టిది, కమాను నిలవదు. అతను నేల తవ్వడం మొదలుపెట్టాడు. పైన ఎత్తు లేకపోతే కింద చేసుకుంటానన్నాడు.

స్టేషనుకు తీసుకుపోవడానికి జట్కా రావాలి. వాకిట్లో నిలబడి హుసేనమ్మను అడిగాను. "మల్లేశం చెప్పింది అబద్ధమే అయింది కదమ్మా. మళ్లీ ఓట్లొస్తే?"

"గాయనకే ఏస్తం గావచ్చు."

"ఎందుకు?"

"చూసిన్రు గద. అబద్ధమాడిండు, తిట్టిన. పడ్డడు. వచ్చి వాసాలు మోసిండు." తవ్విన మట్టి చేటతో బయట పోసింది. "మీ వకీలు సారు మంచోడు, మస్తు చదివినోడు. గాయనను యాడ దొరకబట్టి తిట్టాలె? ఎవ్వలకు చెప్పినా అర్జీ రాయిమంటరు. మాకు రాయొస్తె గిట్లెందుకుంటం?"

"నన్ను తిట్టాల్సింది. తీసుకొస్తానని మాటిచ్చింది నేను."

ఆమె నా సంచీ వైపు చూసింది. "మీరు రైలెక్కి పోవట్టిరి గద సారు."

"జట్కా ఇంకా రాలేదు" అన్నాను.

ఆమె చేట గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"దగ్గు, దమ్మున్న పెద్దమనిషిని తోల్కొచ్చేటప్పుడు ముందుగాల్ల ఒక మాట చెప్పరాదా సారు? కమాన్లు బంజేసి, నీళ్లు సల్లి కూచుందుము. ఆయన దిగుతుండె. ఆయనకు దమ్మున్నదని మీకెరుకే, మాకెరుక లేదు. మా సంగతి ఆయనకెరుక లేదు, మీకెరుకే. నడుమ ఉన్నది మీరు. ఏం జేసిన్రు మీరు? మా చాయ్ తాగిన్రు."

బాట మలుపులో జట్కా గంట వినిపించింది. ఆమె ఇంకా ముగించలేదు. నేను సంచీ కింద పెట్టాను.